వాడకంలో లేని ఇటుక ఫైర్‌ప్లేస్ గుండా ఇంటి వేడి పోకుండా ఆపడం: సమగ్ర మార్గదర్శి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, మిషిగన్, ఇల్లినాయ్, ఒహాయో వంటి మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోనూ పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు, హాలులో ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఒకటి ఇంటితోపాటే సంక్రమిస్తుంది. కొత్తలో ముచ్చటపడి ఒకటి రెండుసార్లు కట్టెలు వెలిగించినా, పొగ వాసన, బూడిద ఎత్తే పని, ఏటా చిమ్నీ శుభ్రం చేయించే ఖర్చు తెలిసొచ్చాక చాలామంది దాని జోలికి పోవడం మానేసి, దాని పైగట్టు మీద దేవుడి పటమో పిల్లల ఫొటోలో పెట్టుకుంటారు. అయితే మనం వెలిగించడం మానేసినంత మాత్రాన ఫైర్‌ప్లేస్ తన పని మానదు. చలికాలమంతా రాత్రింబగళ్లు అది ఇంట్లోని వెచ్చని గాలిని పైకి లాగి ఆకాశంలోకి పారబోస్తూనే ఉంటుంది.

ఈ నష్టాన్ని ఆపడానికి ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో, ఏది అసలు చేయకూడదో ఇక్కడ వివరిస్తున్నాను. ఇదంతా నిజంగా ఇటుకతో కట్టి, లోపల కాల్చిన మట్టి గొట్టాలు అమర్చిన చిమ్నీలకు మాత్రమే వర్తిస్తుంది. ఇటీవలి ఇళ్లలో పైకి ఇటుక పలకలు అంటించి లోపల రేకుపెట్టె బిగించిన, ఫ్యాక్టరీలో తయారైన ఫైర్‌ప్లేస్‌లు ఉంటాయి. వాటి గోడల మధ్య గాలి ఆడడానికి కావాలనే ఖాళీ వదులుతారు కాబట్టి అందులో దూది, నురుగు వంటివి కూరడం ప్రమాదకరం. మీది ఏ రకమో తేలకపోతే లోపలి గోడను వేలితో కొట్టి చూడండి. రేకు మోత వినిపిస్తే ఈ వ్యాసం మీకు పనికిరాదు.

వేడి పోయే దారులు

వెచ్చని గాలి తేలికగా ఉంటుంది, చల్లని గాలి బరువుగా ఉంటుంది. ఇంట్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండి బయట 20 ఉన్నప్పుడు, లోపలి తేలిక గాలి పైకి పోవడానికి దారి వెతుకుతుంది, ఆ ఖాళీని నింపడానికి బయటి చల్లగాలి తలుపుల కింద నుంచీ, కిటికీ సందుల్లోంచీ, బేస్‌మెంటు గోడల పగుళ్లలోంచీ లోపలికి దూరుతుంది. అంటే సోఫా దగ్గర కాళ్లకు తగిలే చల్లగాలికి కిటికీ ఒక్కటే కారణం కాకపోవచ్చు. గది మధ్యలో ఉన్న చిమ్నీ దాన్ని లోపలికి లాగుతూ ఉండవచ్చు. చిమ్నీ ఎంత పొడవుగా ఉంటే, బయట చలి ఎంత ఎక్కువగా ఉంటే, ఈ లాగుడు అంత బలంగా ఉంటుంది. చిమ్నీ గొంతును మూసే పలక అయిన డ్యాంపర్‌ను తెరిచి ఉంచితే చలికాలంలో కిటికీ బార్లా తెరిచి పెట్టినట్లేనని అమెరికా ఇంధన శాఖ చెప్పే మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

మరి డ్యాంపర్ మూసే ఉంచాం కదా అనే వారికి ఒక చిన్న లెక్క చూపించాలి. కట్టెలు కాలే గూడు అయిన పొయ్యి అరకు సరిగ్గా పైన, గొంతులాగా ఇరుకైన చోట ఉండే పోత ఇనుప పలకే డ్యాంపర్. మంట తగిలి తగిలి అది వంగుతుంది, తుప్పు పడుతుంది, దాని అంచుల్లో మసి గడ్డలూ సిమెంటు పెళ్లలూ ఇరుక్కుంటాయి. 30 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉన్న పలక చుట్టూ సగటున పావు అంగుళం సందు మిగిలిందనుకుంటే, ఆ సందులన్నీ కలిపి 17 చదరపు అంగుళాలు దాటుతాయి. లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 4 పాస్కల్‌ల తేడా ఉందనుకుంటే, ఆ సందు గుండా నిమిషానికి సుమారు 37 ఘనపుటడుగుల వెచ్చని గాలి పోతుంది. పైన చెప్పిన చలిలో అంత గాలిని తిరిగి వెచ్చబరచాలంటే గంటకు దాదాపు 2,000 బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం), రోజుకు 48,000 బీటీయూలు కావాలి. గ్యాస్ బిల్లులో వేసే ఒక థర్మ్ 1,00,000 బీటీయూలకు సమానం కనుక, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ 80 శాతం సామర్థ్యంతో పనిచేసే ఇంట్లో ఈ ఒక్క సందు రోజుకు 0.6 థర్మ్ తినేస్తుంది. ఇది అంచనా లెక్కే. గాలి వీచే రోజున ఎక్కువ, చలి తగ్గిన రోజున తక్కువ ఉంటుంది.

రెండో దారి ఇటుక గోడ. ఇటుక గట్టిదే గాని వేడిని ఆపడంలో చాలా బలహీనమైనది. వేడిని ఎంత బాగా ఆపుతుందో చెప్పే అంకె ఆర్-విలువ; అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. నాలుగు అంగుళాల మామూలు ఇటుకకు అది 0.8 మాత్రమే. బయటి గోడకు ఆనించి కట్టిన ఫైర్‌ప్లేస్‌లో వెనక గోడ మొత్తానికి ఆర్-విలువ సుమారు 2 వస్తుంది. చలి ప్రాంతాల్లో ఇప్పుడు కట్టే గోడలకు అది 20 దగ్గర ఉంటుంది. అయినా పొయ్యి అర వెనక, పక్క గోడలు కలిపి 15 చదరపుటడుగులు ఉంటే, అదే చలిలో గంటకు పోయే వేడి 375 బీటీయూలే. డ్యాంపర్ సందు గుండా పోయేదానిలో ఇది ఐదో వంతు కూడా లేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను బట్టే పనుల వరుస నిర్ణయమవుతుంది: ముందు గాలిని ఆపాలి, ఇన్సులేషన్ సంగతి ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి, గ్లాస్ ఫైబర్ దూదిని డ్యాంపర్ కింద కుక్కి పని అయిపోయిందనుకుంటారు. ఆ దూదిలోంచి గాలి హాయిగా దూరిపోతుంది, కొన్నాళ్లకు దూది మసిబారి నల్లబడడం తప్ప జరిగేది పెద్దగా ఉండదు.

ముట్టుకునే ముందు తేల్చుకోవలసినవి

ఈ భాగాన్ని తొందరపడి దాటేయవద్దు, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది గ్యాస్ బిల్లు కాదు, ప్రాణం. ఇంటి పైకప్పు మీద కనిపించే ఒకే చిమ్నీ లోపల రెండు మూడు వేర్వేరు గొట్టాలు ఉండవచ్చు. ఒకటి హాలులోని ఫైర్‌ప్లేస్‌ది, ఇంకొకటి బేస్‌మెంటులోని ఫర్నేస్‌దో నీళ్ల హీటర్‌దో అయి ఉండవచ్చు. గ్యాస్ హీటర్ పొగ వెళ్లే గొట్టాన్ని మూస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగొస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ముందున్న యజమాని కొత్త ఫర్నేస్ పెట్టించి, దాని పొగను ప్లాస్టిక్ గొట్టంతో పక్కగోడ గుండా పంపించి, నీళ్ల హీటర్‌ను మాత్రం పాత చిమ్నీకే వదిలేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది కాబట్టి, ఫర్నేస్‌ను చూసి ధైర్యపడకండి. బేస్‌మెంటులో చిమ్నీ గోడలోకి దూరే రేకు గొట్టాలన్నింటినీ లెక్కపెట్టి, ఏది దేనిదో రాసుకోండి.

పొయ్యి అరలో సిరామిక్ కట్టెల కింద గ్యాస్ మంట అమర్చి ఉంటే అది ఇంకో చిక్కు. అటువంటి చోట డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా ఒక చిన్న ఇనుప బిగింపు పెడతారు. సందు ఉంది కదా అని దాన్ని పీకేయకూడదు. గ్యాస్ మంట ఇక వద్దనుకుంటే, లైసెన్సు ఉన్న ప్లంబర్‌ను పిలిచి ఆ గ్యాస్ పైపును మూయించి, బిరడా బిగించిన తర్వాతే మూసే పని మొదలుపెట్టాలి.

మూడోది చిమ్నీ లోపలి స్థితి. చిమ్నీ తనిఖీలకు అమెరికాలో జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) వారి 211వ ప్రమాణం మూడు స్థాయిలను చెబుతుంది. ఇల్లు చేతులు మారినప్పుడు జరగవలసింది రెండో స్థాయి, అందులో లోపలికి కెమెరా దించి చూస్తారు. కొన్నప్పుడు ఆ నివేదిక ఇచ్చి ఉంటే వెతికి తీయండి. లేకపోతే అమెరికా చిమ్నీ భద్రతా సంస్థ సీఎస్‌ఐఏ ధ్రువీకరణ ఉన్న చిమ్నీ పనివాడి చేత ఒకసారి శుభ్రం చేయించి, చూపించుకోండి. ఇక వెలిగించం కదా, శుభ్రం ఎందుకు అనుకోవద్దు. గోడలకు అంటుకున్న క్రియోసోట్‌కు, అంటే కట్టెల పొగ నుంచి పేరుకునే తారులాంటి మడ్డికి, తడి తగిలితే వేసవిలో ఇల్లంతా తారు కంపు కొడుతుంది, మూసిన తర్వాత దాన్ని తీయించడం మరింత కష్టం. పని మొదలుపెట్టేలోపు ప్రతి అంతస్తులోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నదో లేదో నొక్కి చూసుకోండి.

అగరుబత్తితో పరీక్ష

బయట బాగా చలిగా ఉండి, గాలి పెద్దగా వీచని రోజును ఎంచుకోండి. కిటికీలన్నీ మూసి, ఫ్యాన్‌లు ఆపి, డ్యాంపర్ మూసి, ఒక అగరుబత్తి వెలిగించి పొయ్యి అర ముందు అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ తిన్నగా లేస్తే లీకు తక్కువ; లోపలికి వంగి పైకి పరుగెత్తితే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. తర్వాత వంటింటి ఎగ్జాస్ట్, బాత్రూము ఫ్యాన్ వేసి మళ్లీ చూడండి. ఇప్పుడు పొగ గదిలోకి తిరిగితే, వంట చేసే ప్రతిసారీ చిమ్నీలోంచి చల్లగాలీ మసి వాసనా ఇంట్లోకి దిగుతున్నాయని అర్థం. మన వంటిళ్లలో పోపు వేసినప్పుడల్లా ఎగ్జాస్ట్ గట్టిగా తిరుగుతుంది కనుక ఈ రెండో పరీక్ష మనకు మొదటిదానికంటే ముఖ్యం.

పరీక్షను అరతో ఆపేయకండి. అర నేల మీద చిన్న ఇనుప మూత ఉంటే దాని చుట్టూ, అరకూ గది గోడకూ మధ్య ఉన్న అతుకు వెంబడి, పైగట్టు కింద కూడా చూడండి. అవకాశం ఉంటే బ్లోయర్ డోర్ పరీక్ష చేయించుకోవడం మరీ మంచిది. అందులో ఇంటి తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి 50 పాస్కల్‌ల తేడా కల్పిస్తారు, అప్పుడు ఏ లీకూ దాగదు. మసాచుసెట్స్‌లో ఉన్నవారికి మాస్ సేవ్ పథకం కింద ఇంటి ఇంధన తనిఖీ ఉచితంగానే చేస్తారు. మిగతా రాష్ట్రాల వారు తమ గ్యాస్ లేదా కరెంటు కంపెనీని అడగాలి.

మళ్లీ ఎప్పుడైనా వెలిగిస్తారా?

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. మంచు తుపానులో కరెంటు పోతే వెలిగించుకుంటాం అనేవారు చిమ్నీ తలమీద మూసే డ్యాంపర్ వైపు వెళ్లాలి. ఎన్నటికీ వెలిగించం అనేవారికి అర నోటికి అమర్చే పలక మేలు. అద్దె ఇంట్లో ఉన్నవారికి గాలి బుడగ చాలు. కరెంటు పోయినప్పటి ముచ్చట గురించి ఒక మాట: తెరిచిన పొయ్యి ఎదురుగా కూర్చున్న వారిని వెచ్చబరుస్తుంది గాని, మిగతా గదుల్లోని వెచ్చదనాన్ని కూడా తనతో పైకి పట్టుకుపోతుంది. మసాచుసెట్స్‌లో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త రమ్‌ఫర్డ్ 1790లలోనే ఈ దుబారా చూసి చిమ్నీ గొంతును ఇరుకు చేయించాడు. అప్పటి నుంచి మెరుగులు ఎన్ని వచ్చినా తెరిచిన ఇటుక పొయ్యి ఇంటిని వేడిచేసే సాధనంగా నాసిరకమే.

అద్దె ఇళ్లకు గాలి బుడగ

బలమైన ప్లాస్టిక్ పొరలతో చేసిన ఈ బుడగను చిమ్నీ గొంతులోకి దూర్చి, కింద వేలాడే గొట్టంతో ఊదితే గోడలకు అతుక్కుని కూర్చుంటుంది. కొనేముందు డ్యాంపర్ పక్కనే టార్చిలైటు వేసి గొంతు పొడవు, వెడల్పు కొలవండి, రెండు దిక్కులా కొలతకంటే కాస్త పెద్దది తీసుకోండి. గరుకైన సిమెంటు పెచ్చులుంటే ముందు గోకేయాలి, లేకపోతే బుడగకు చిల్లి పడుతుంది. గాలి తగ్గి అది జారుతుంటుంది కనుక చలికాలంలో నెలకొకసారి చేత్తో నొక్కి చూడాలి. బుడగకు కట్టిన ఎర్రచీటీ అర నోటి దగ్గర కనిపించేలా వేలాడాలి. తెలియని అతిథి ఎవరైనా మంట పెడితే ప్లాస్టిక్ కరిగి గది నిండా పొగ నిండుతుంది. ఆ చీటీ మీద వెలిగించవద్దని తెలుగులోనే కాక ఇంగ్లీషులో కూడా రాయండి.

వెలిగించే ఉద్దేశం ఉన్నవారికి తలమీది డ్యాంపర్

ఇది చిమ్నీ కొసన, మట్టి గొట్టం నోటి మీద అంటించే లోహపు మూత. చుట్టూ సిలికోన్ రబ్బరు అంచు ఉంటుంది, దానికి కట్టిన స్టీలు తీగ చిమ్నీ లోపల నుంచి పొయ్యి అర వరకు దిగుతుంది. తీగ లాగి కొక్కేనికి తగిలిస్తే మూసుకుంటుంది, వదిలితే స్ప్రింగు దాన్ని తెరుస్తుంది. ఇనుము మీద ఇనుము ఆనే పాత డ్యాంపర్ కంటే రబ్బరు అంచు చాలా గట్టిగా మూస్తుంది, వాననూ ఉడుతలనూ కూడా అదే ఆపుతుంది. పైకప్పు ఎక్కే పని కనుక దీన్ని పనివాడికే వదిలేయండి. ధర మాట్లాడేటప్పుడు, పక్కనే ఫర్నేస్ గొట్టం ఉంటే ఈ మూత దాని నోటిని ఏమాత్రం కప్పకూడదని ముందే చెప్పండి.

దీని లోపం ఒకటుంది. మూత పైన ఉంటుంది కాబట్టి చిమ్నీ పొడవునా ఉన్న గాలి ఇంటి గాలితో కలిసే ఉంటుంది, చల్లని ఇటుకల గుండా వేడి పోతూనే ఉంటుంది. చిమ్నీ ఇంటి మధ్యలో ఉంటే ఇది పెద్ద విషయం కాదు, బయటి గోడకు అంటి ఉంటే మాత్రం కింది పాత డ్యాంపర్‌ను కూడా శుభ్రం చేసి మూయాలి. అలా రెండూ మూసుకున్నవారు మంట పెట్టే ముందు రెండూ తెరవాలన్నది మరచిపోకుండా తీగ పక్కనే రాసి పెట్టుకోవాలి.

ఎన్నటికీ వెలిగించని వారికి అర నోటి పలక

నా అభిప్రాయంలో ఎక్కువ ఇళ్లకు తగిన పద్ధతి ఇదే. ఇది గాలినీ ఆపుతుంది, వెనక గోడ గుండా పోయే వేడినీ తగ్గిస్తుంది, చేతిపని కొంచెం వచ్చినవారు ఒక వారాంతంలో చేసుకోవచ్చు, ఇల్లు అమ్మేటప్పుడు ఆనవాలు లేకుండా తీసేయవచ్చు.

మొదట అరను శుభ్రం చేయండి. మసి చాలా సన్నని పొడి కనుక మామూలు వాక్యూమ్‌తో లాగితే అది వెనక నుంచి గదిలోకి చిమ్ముతుంది. సన్నని ధూళిని కూడా పట్టే హెపా వడపోత ఉన్న వాక్యూమ్ వాడాలి, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి, హాలులో దుప్పట్లు పరచాలి. నేల మీది బూడిద మూత ఈ దశలోనే మూసేయాలి. దాని కింద బేస్‌మెంటు దాకా ఒక గుంట ఉంటుంది, ఆ గుంటకు బేస్‌మెంటులోనో బయట గోడకో ఇంకో ఇనుప తలుపు ఉంటుంది. బూడిద ఎత్తేసి, రెండు తలుపుల అంచులకూ వేడికి తట్టుకునే సీలెంటు పట్టించండి. ఇంత చిన్న తలుపు గుండా ఎంత గాలి వస్తుందో అగరుబత్తి పరీక్ష చేసినవారికి చెప్పనక్కర్లేదు.

తర్వాత కొలతలు. అర నోరు చూడటానికి నలుచదరంగా ఉన్నా నిజానికి ఉండదు. వెడల్పును కింద, మధ్య, పైన మూడుచోట్ల, ఎత్తును కూడా అలాగే కొలిచి, పెద్ద అట్టపెట్టె ముక్కను ఆ కొలతకు కత్తిరించి, అరలో నిలబెట్టి, ఇటుక వంపుల ప్రకారం అంచులు సరిచేసుకోండి. పలకను గోడ ముఖం మీద కాక, నోటిలోపలికి ఒక అంగుళం జరిపి నిలబెట్టడం మంచిది, అప్పుడు అంచులు నునుపైన ఇటుక పక్కలకు ఆనుతాయి. అట్ట సరిపోయాక దాని మీద గీత గీసి, చుట్టూ పావు అంగుళం తగ్గించి అసలు పలక కోయండి. ఆ పావు అంగుళం రబ్బరు పట్టీకి చోటు.

ముందు వైపుకు అర అంగుళం మందం ఉన్న సిమెంటు బోర్డు లేదా జిప్సం బోర్డు, వెనక వైపుకు రెండు మూడు అంగుళాల మినరల్ ఊల్ (రాతి నారతో చేసిన ఇన్సులేషన్) పలక వాడండి. మినరల్ ఊల్‌కు అంగుళానికి ఆర్-విలువ 4 దాకా వస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా అది మండదు. పాలీఐసో అనే గట్టి ప్లాస్టిక్ నురుగు పలకకు అంగుళానికి 6 దగ్గర వస్తుంది గాని అది మండుతుంది, మండితే విషపు పొగ వస్తుంది. అమెరికా నివాస గృహాల కోడ్ ప్రకారం నురుగు పలకకూ గదికీ మధ్య అర అంగుళం జిప్సం బోర్డు వంటి అడ్డు ఉండాలి. ఆర్-విలువలో 4కూ 6కూ ఉన్న ఆ తేడా కోసం పొయ్యిలో నురుగు పెట్టడం నాకు నచ్చదు. గాలిని ఆపేది ముందున్న బోర్డే, వెనకున్న ఊల్ కాదు, కనుక బోర్డులో పగులు గాని చిల్లు గాని ఉండకూడదు. పెద్ద వాషర్లు వేసిన స్క్రూలతో ఊల్‌ను బోర్డుకు బిగించి, స్క్రూ తలల మీద సీలెంటు రాయండి. తీసి పెట్టుకోవడానికి రెండు సొరుగు పిడులు బిగించుకుంటే సౌకర్యం.

బోర్డు అంచుల చుట్టూ తలుపు సందులకు వాడే ఈపీడీఎం రకం మెత్తని రబ్బరు పట్టీ అంటించండి. ఇటుకల మధ్య సిమెంటు గీతలు లోతుగా ఉంటాయి, పట్టీ వాటిని పూర్తిగా నింపలేదు. అందుకని బోర్డు ఆనే వరుసలోని గీతలను ముందే సిమెంటుతో నింపడమో, నురుగు తాడును వాటిలో నొక్కడమో చేయాలి. పనంతా బాగా చేసి ఈ గీతలను వదిలేసినవారి ఇళ్లలో అగరుబత్తి పొగ సరిగ్గా అక్కడే వంగుతుంది. అర నోటి పై అంచున ఇటుకల బరువు మోసే ఇనుప పట్టీ ఉంటుంది. ఫ్రిజ్ అయస్కాంతం దానికి అంటుకుంటే, పలక పై అంచుకు అయస్కాంతపు పట్టీ వేసి ఇటుకలో ఒక్క చిల్లు కూడా పెట్టకుండా నిలబెట్టవచ్చు. పలక వెనకా ముందూ "చిమ్నీ మూసి ఉంది, వెలిగించవద్దు" అని రెండు భాషల్లో రాయండి. ముందు వైపు మీకు నచ్చిన రంగు వేసుకోవచ్చు, బట్ట చుట్టుకోవచ్చు.

అటకలో ఎవరూ చూడని సందు

చిమ్నీకీ చెక్క దూలాలకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉండాలని కోడ్ చెబుతుంది, ఎందుకంటే వేడెక్కిన ఇటుకకు చెక్క తగలకూడదు. ఆ ఖాళీని అంతస్తుల దగ్గర మండని వస్తువుతో మూయాలి కూడా, కానీ పాత ఇళ్లలో అది మూయకుండా వదిలేసి ఉండడం సాధారణం. మూడడుగులు, నాలుగడుగుల కొలత ఉన్న చిమ్నీ చుట్టూ రెండు అంగుళాల సందు అంటే 330 చదరపు అంగుళాలు దాటుతుంది. మనం ఇంత కష్టపడి మూసిన డ్యాంపర్ సందుకు ఇది సుమారు ఇరవై రెట్లు. డ్యాంపర్ మూసినా హాలు వెచ్చబడలేదని నిరాశపడేవారు మొదట వెతకవలసింది ఇక్కడే.

అటకలో దూలాల మీద మాత్రమే అడుగు వేయండి. గులకరాళ్లలాంటి బూడిద రంగు వెర్మిక్యులైట్ పరచి ఉంటే దానిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, కదిలించకుండా వెనక్కి వచ్చి నిపుణుడిని పిలవండి. మామూలు ఇన్సులేషన్ అయితే చిమ్నీ చుట్టూ పక్కకు తీసి, 26 గేజి రేకును ఎల్ ఆకారంలో వంచి, ఒక అంచును దూలాలకు మేకులతో బిగించి, ఇటుకను తాకే అంచుకు అధిక వేడికి తట్టుకునే సీలెంటు నిండుగా పట్టించండి. డబ్బాలోంచి ఉబ్బే పసుపు నురుగు ఇక్కడ వాడకూడదు. హాలులోని ఫైర్‌ప్లేస్ చల్లారిపోయినా అదే చిమ్నీలో ఇంకో గొట్టం వేడిగా ఉండవచ్చు. రేకు మీద తిరిగి పరిచే ఇన్సులేషన్ చిమ్నీ ఇటుకకు రెండు అంగుళాల లోపు రాకుండా మినరల్ ఊల్‌తో చిన్న గట్టు కట్టండి.

తడి, పక్షులు, చిమ్నీ తల

చిమ్నీని కింద మూసినప్పుడు అది చల్లబడుతుంది, చల్లబడిన ఇటుక ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది. వాన తడి ఇటుకలోకి ఇంకి, గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడితే ఇటుక ముఖం పెచ్చులుగా రాలుతుంది. కాబట్టి కింద గాలి దూరకుండా, పైన వాన పడకుండా మూయాలి, కానీ పైన కాస్త గాలి ఆడాలి. నోటి పలక పెట్టినవారు చిమ్నీ తలమీద పక్కల నుంచి గాలి ఆడే జాలీ టోపీ పెట్టించాలి. రెండు కొసలూ గాలి చొరకుండా బిగిస్తే లోపల చిక్కిన తడికి దారి ఉండదు.

తడి ఇంట్లోంచి కూడా వస్తుంది. 70 డిగ్రీల గదిలో తేమ 40 శాతం ఉంటే, 45 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ గోడ మీదైనా ఆ గాలి నీటిచుక్కలుగా మారుతుంది. పలక వెనక ఇటుక చలికాలంలో అంతకంటే చల్లగానే ఉంటుంది. కుక్కర్ ఆవిరి, పప్పు ఉడికే ఆవిరి వంటింట్లోంచే బయటికి పోయేలా చూసుకోవడం, పలక అంచులు బిగువుగా ఉంచుకోవడం ఈ ఒక్క సమస్యకే రెండు వైపుల నుంచి మందు. తెల్లని ఉప్పు మరకలు ఇటుక మీద కనిపిస్తే తడి ఎక్కడో ఇంకుతోందని గుర్తించి, చిమ్నీ తలపై సిమెంటు పూత పగిలిందా, పైకప్పుతో కలిసేచోట రేకు లేచిందా చూపించుకోండి. ఇటుకకు నీటి నిరోధకం పూయించదలిస్తే, ఆవిరిని బయటికి వదిలే సైలాక్సేన్ రకం ఎంచుకోవాలి. రంగులాగా పొర కట్టే రకం లోపలి తడిని బంధించి ఇటుకను మరింత చెడగొడుతుంది.

టోపీ పెట్టే కాలం కూడా ముఖ్యం. చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పక్షి వేసవిలో చిమ్నీ లోపలి గోడలకే గూడు అంటించుకుని పిల్లలను పెంచి, చలికాలానికి దక్షిణ అమెరికా వెళ్లిపోతుంది. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద దానికి రక్షణ ఉంది. గుడ్లు, పిల్లలు ఉన్న గూడును అనుమతి లేకుండా కదిలించకూడదు. నవంబరు నుంచి మార్చి మధ్యలో మూయిస్తే ఈ సమస్యే రాదు.

బ్రిటన్‌లో ఉన్నవారికి

లండన్, బర్మింగ్‌హామ్ వంటి నగరాల్లోని విక్టోరియా కాలపు వరుస ఇళ్లలో గదికొక ఫైర్‌ప్లేస్ ఉంటుంది, చాలావాటికి డ్యాంపరే ఉండదు. అక్కడి వాన, సున్నపు గార దృష్ట్యా పూర్తిగా బిగించి మూయడం కంటే కాస్త ఊపిరి ఆడనివ్వడమే ఆనవాయితీ. శాశ్వతంగా మూసిన అరకు చిన్న గాలి జాలీ పెట్టి, చిమ్నీ కుండ మీద గాలి ఆడే మూత వేస్తారు. జాలీని గది వైపు కాక, వీలైతే బయటి గోడ వైపు పెట్టించుకోండి, లేకపోతే ఆ జాలీ గుండానే వేడి పోతుంది. తాత్కాలికంగా మూయాలంటే కంబ్రియాలోని హెర్డ్‌విక్ గొర్రెల ఉన్నితో చేసిన మందపాటి బిళ్లలు దొరుకుతాయి. అవి గాలి వేగాన్ని బాగా తగ్గిస్తూనే తడిని వదులుతాయి. గాలిని పూర్తిగా ఆపవు, కానీ అక్కడి చిమ్నీలకు అదే సరైన రాజీ. గోడ మీద గోధుమరంగు మరకలు వస్తే అది పాత మసిలోని లవణాలు గాలి తేమను పీల్చడం వల్ల కావచ్చు. పైన రంగు వేస్తే మళ్లీ తేలుతాయి. చిమ్నీ పక్కింటితో ఉమ్మడి గోడలో ఉంటుంది కనుక, ఏ గొట్టం ఎవరిదో తేల్చుకోకుండా పైకి మనిషిని ఎక్కించవద్దు.

పని ముగిశాక

అదే చలి, అదే అగరుబత్తితో మళ్లీ పరీక్షించండి. ఇల్లు ఇప్పుడు ఇదివరకటికంటే బిగువుగా ఉంటుంది, కాబట్టి ఎగ్జాస్ట్‌లన్నీ వేసి, నీళ్ల హీటర్ మండుతున్నప్పుడు దాని పొగగొట్టం మొదట్లో అగరుబత్తి పట్టుకోండి. పొగ గొట్టంలోకి పోవాలి. బయటికి నెట్టుకొస్తే హీటర్ ఆపి, ఆ రోజే నిపుణుడిని పిలవాలి. మొదటి ఏడాది వసంతంలో ఒకసారి పలక తీసి వెనక తడి, బూజు ఉన్నాయేమో చూడండి. లేకపోతే తర్వాత ఏడాదికొకసారి చూస్తే చాలు. ఏ తేదీన ఏది మూశారో, తెరవాలంటే ఏం చేయాలో కాగితం మీద రాసి ఫర్నేస్ పత్రాలతో కలిపి ఉంచండి. ఇల్లు అమ్మినప్పుడు కొనేవారి తనిఖీదారు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.